ఆయిల్ కూలర్‌కి తలుపు: ఆరేళ్ల తర్వాత

గ్యారేజీలో కట్టుకున్న నా ఆర్వీ-7ఏ విమానంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ప్యానెల్ కింద ఉన్న చిన్న నల్ల నాబ్. దాన్ని లాగితే ఇంజిన్ ఆయిల్‌ని గాలితో చల్లబరిచే ఆయిల్ కూలర్ ముందున్న షట్టర్, అంటే రేకుల తలుపు, మూసుకుంటుంది, నొక్కితే తెరుచుకుంటుంది. అంతే దాని పని. ఆరేళ్లుగా, 400 గంటలకు పైగా దాంతోనే ఎగిరాను.

మాది డాలస్‌కు ఉత్తరాన. జులై మధ్యాహ్నం 100 ఫారన్‌హీట్ దాటుతుంది, జనవరిలో కొన్ని ఉదయాలు 25కి పడిపోతుంది. ఎండలకు భయపడి నా లైకమింగ్ ఓ-360 ఇంజిన్‌కి పెద్ద కూలర్ పెట్టాను. వేసవి గట్టెక్కింది గానీ చలికాలంలో ఆయిల్ 155 దాటేదే కాదు. గరిష్ఠం 245 అని అందరికీ గుర్తుంటుంది, కింది హద్దును పెద్దగా పట్టించుకోరు. 180 దాకా వేడెక్కకపోతే ఆయిల్‌లో చేరిన తడి సరిగా ఆవిరైపోదు. పైగా లైకమింగ్‌లో వాల్వులను కదిపే క్యామ్‌షాఫ్ట్ పైభాగంలో ఉంటుంది. ఇంజిన్ ఆపాక ఆయిల్ దాని మీద నుంచి జారిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసినప్పుడల్లా ట్యూబ్ అంచున నీటి చుక్కలు చూసి నాకు ఒకటే టెన్షన్.

ఆయిల్ వేడిని బట్టి దానంతటదే పనిచేసే వాల్వు, వెర్నాథెర్మ్, ఉండగా ఇదంతా ఎందుకని చాలామంది అడిగారు. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు అది కూలర్‌ని తప్పించే అడ్డదారి తెరిచి ఉంచుతుంది, 185 దగ్గర మూసేస్తుంది. అయితే అడ్డదారి తెరిచి ఉన్నంత మాత్రాన కూలర్ దారి మూసుకోదు. కొంత ఆయిల్ అటు పోతూనే ఉంటుంది. కూలర్ పెద్దదై, బయట గాలి గడ్డకట్టేలా ఉంటే ఆ కొంతే చాలు.

మొదట అందరిలాగే కూలర్‌కి కొంత మేర అల్యూమినియం టేప్ అంటించాను. పొద్దున చలిలో టేపుతో దక్షిణాన సముద్రతీరంలోని గాల్వెస్టన్ వెళ్తే, మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చే ముందు కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) విప్పి సగం పీకాల్సి వచ్చేది. షట్టర్ పెట్టాక మొదటి శీతాకాలమే ఆయిల్ 185, 190 మధ్య నిలబడింది. నీటి చుక్కలు పోయాయి. హ్యాంగర్ చుట్టుపక్కల వాళ్లందరికీ కళ్లు మూసుకుని పెట్టించుకోమని చెప్పాను.

ఆ మాట అలా చెప్పకుండా ఉండాల్సింది.

నాలుగో వేసవి, ఆగస్టులో ఒక సాయంత్రం. మా ఆవిడ పక్క సీట్లో ఉంది. పైకి ఎక్కుతుండగా ఆయిల్ 205 చూపించింది. ఎండాకాలం కాబట్టి ఆశ్చర్యపోలేదు. తర్వాత 218 అయింది. నాబ్ పూర్తిగా లోపలికే ఉంది. ఒకసారి లాగి నొక్కి చూశాను. ఎప్పుడూ కాస్త బిగువుగా కదిలేది, ఆ రోజు వెన్నలో కత్తిలా జారింది. అవతలి వైపు ఏదో ఊడిపోయిందని అప్పుడే అర్థమైంది. 229. "ఏమైందండీ?" అంది తను. "వెనక్కి వెళ్తున్నాం, కంగారు పడకు" అన్నాను. కూలర్‌కి గాలి ఎక్కువ తగలాలని ముక్కు దించి వేగం 90 నాట్ల నుంచి 125కి పెంచాను, థ్రాటిల్ కాస్త తగ్గించాను, మిక్స్చర్ రిచ్‌లోనే, అంటే ఇంధనం పాలు ఎక్కువగానే, ఉంచాను. 236 దగ్గర ఆగింది. దిగేసరికి 226. ఆ పన్నెండు నిమిషాలూ గేజి మీద నుంచి చూపు తిప్పలేకపోయాను.

కౌలింగ్ తీసి చూస్తే, షట్టర్ లీవర్ దగ్గర కేబుల్ తీగను పట్టి ఉంచే చిన్న స్క్రూ వైబ్రేషన్‌కి వదులైంది. తీగ బయటికొచ్చి, రేకులు వాటంతటవే దాదాపు మూసుకున్నాయి. తీగ తెగినా ఊడినా షట్టర్ తెరుచుకునే వైపే ఉండాలి. దానికి ఒక స్ప్రింగ్ చాలు, కానీ కిట్‌లో అది లేదు. అమ్మినవాళ్లు ఇచ్చిన కాగితంలో ఆ మాటే లేదు. నాలుగు వేసవులు ఆ స్క్రూ మీద నమ్మకంతో మా ఆవిడను ఎక్కించుకు తిరిగానని తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ కోపంలో సగం నా మీదే. కట్టుకున్న విమానాన్ని సొంతంగా తనిఖీ చేసుకునే రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ నా పేరు మీదే ఉంది, ఏటా చేయాల్సిన ఆ తనిఖీ, కండిషన్ ఇన్‌స్పెక్షన్, చేసేదీ నేనే.

స్క్రూ బదులు బోల్టు, క్యాజిల్ నట్, అది వదులు కాకుండా కోటర్ పిన్ వేశాను. తెరిచే వైపు లాగే స్ప్రింగ్ తగిలించాను. కేబుల్ విప్పేసి, రేకులు వాటంతటవే తెరుచుకుంటున్నాయని చేత్తో మూసి మూసి చూశాకే మళ్లీ ఎగిరాను. రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు.

ఇంకో సంగతి. షట్టర్ పూర్తిగా తెరిచినా రేకుల అంచులు గాలికి కొంత అడ్డమే. మండే ఎండలో నాకు నాలుగైదు డిగ్రీలు ఎక్కువే చూపిస్తోంది. వేసవిలో ఆయిల్ కాగిపోతోందని బాధపడేవాళ్లకు ఇది మందు కాదు. వాళ్లు ముందు బాఫిళ్ల (ఇంజిన్ చుట్టూ గాలిని మళ్లించే రేకుల) సందులు, రబ్బరు సీళ్లు, వెర్నాథెర్మ్ సరిగా కూర్చుంటోందా లేదా చూసుకోవాలి.

నా కూలర్ పెద్దది, మా దగ్గర ఒకే రోజులో రెండు కాలాలు, శీతాకాలంలో నావి ఎక్కువగా గంటలోపు ప్రయాణాలు. అందుకే నాకు ఇది కావాలి. ఫ్లోరిడా దక్షిణాన ఉండి ఉంటే పెట్టేవాణ్ణి కాదేమో. ఈ మధ్య హ్యాంగర్ పక్కాయన తన విమానానికి పెట్టుకుంటానంటే, స్ప్రింగ్ కూడా కొనమని చెప్పి, నాది కౌలింగ్ తీసి చూపించాను.