ఓడ దిగి సొంత ఊరికొస్తే గది ఇవ్వని లాడ్జి

రాత్రి పదకొండున్నర. హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఒక లాడ్జి కౌంటర్ ముందు ముగ్గురం నిలబడి ఉన్నాం. నాతో ఉన్నవాళ్లలో ఒకమ్మాయిది అమెరికాలోని ఒహాయో, మేం చదువుకుంటున్న ఓడలో నా కేబిన్‌మేట్. ఇంకొకమ్మాయిది మెక్సికో. రెండు గదులు, రెండు రాత్రులు, గదికి రోజుకు 1,870 చొప్పున మొత్తం 7,480 రూపాయలు పది రోజుల ముందే యాప్‌లో కట్టేశాను. ఇద్దరు విదేశీయులు ఉన్నారని ముందే మెసేజ్ పెడితే "ఓకే మేడమ్" అని జవాబు కూడా వచ్చింది. తీరా పాస్‌పోర్టులు ముందు పెట్టగానే కౌంటర్‌లో ఉన్నాయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "ఫారినర్లకు రూమ్ ఇయ్యం" అన్నాడు. ఆ మెసేజ్ చూపించాను. "అది ఎవరు పెట్టిన్రో నాకు తెల్వదు. సీ ఫారం లొల్లి మాకెందుకు? మీరొక్కరైతే ఉండొచ్చు" అన్నాడు. విదేశీయులు దిగితే వాళ్ల వివరాలు ప్రభుత్వానికి పంపే ఫారం అది. డబ్బులు వాపసు ఇమ్మంటే యాప్‌ను అడుక్కోమన్నాడు. యాప్ వాళ్లకు ఫోన్ చేస్తే, కస్టమర్ చెక్-ఇన్‌కు రాలేదని లాడ్జి రాసిందట! మేం ఆ కౌంటర్ ముందే ఉన్నాం!

నా కోపం డబ్బు గురించి మాత్రమే కాదు. నెల రోజులుగా ఓడలో వీళ్లిద్దరికీ మా ఊరి గురించి చెప్పి చెప్పి తీసుకొచ్చాను. మెక్సికో అమ్మాయి మెల్లగా "మనం ఏదైనా తప్పు చేశామా?" అని అడిగింది. ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేం చదివేది సెమిస్టర్ ఎట్ సీ. ఓడలో దేశదేశాలు తిరుగుతూ ఒక సెమిస్టర్ చదివే ఈ చదువు 1963లో మొదలైంది. క్రెడిట్లు కొలరాడో స్టేట్ యూనివర్సిటీ ఇస్తుంది. మా ఓడ ఎంవీ వరల్డ్ ఒడిస్సీ, పొడవు 175 మీటర్లు. 1998లో జర్మనీలో కట్టినప్పుడు దాని పేరు డాయిచ్‌లాండ్. సముద్రంలో ఉన్నన్ని రోజులూ క్లాసులే. సగం సబ్జెక్టులు ఒకరోజు (ఏ డే), మిగతావి మర్నాడు (బీ డే), మధ్యలో ఆదివారమని లేదు. రేవు చేరితే మాత్రం క్లాసులుండవు, ఎవరికి నచ్చిన ఊళ్లు వాళ్లు తిరగొచ్చు. మా కేబిన్‌కు కిటికీ లేదు, తక్కువ ధర గది అదే. ఓడ ఊగిన రాత్రి బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, నీళ్ల సీసా ఆ గోడకూ ఈ గోడకూ దొర్లుతూనే ఉంటుంది. వారంలో అలవాటైపోయింది. డబ్బు చూసుకునేవాళ్లు కిటికీ లేదని వెనకాడొద్దు, పగలంతా ఎలాగూ డెక్ మీదే ఉంటాం. మలేషియా నుంచి కొచ్చికి వస్తుంటే గడియారం వెనక్కి తిప్పుకుంటూ వచ్చాం. ఒక రాత్రి అరగంటే తిప్పమన్నారు. అరగంట తేడా ఉన్న దేశం మీదేనా అని ఒహాయో అమ్మాయి రెండుసార్లు అడిగింది.

కొచ్చిలో ఓడ ఐదు రోజులు ఆగింది. రెండో రోజు సాయంత్రం విమానమెక్కి శంషాబాద్‌లో దిగాం. లాడ్జికి క్యాబ్ 1,140.

నల్లకుంటలో మాది చిన్న ఇల్లు, ఒకటే పడకగది. అందుకే లాడ్జి తీసుకున్నాను. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేస్తే "ఎప్పుడో చెప్పిన కదా బిడ్డా, ఇంటికే తీస్కరమ్మని. పిల్లలు తిన్నరా?" అంది. 250 ఇచ్చి ఆటోలో వెళ్లేసరికి ముందుగదిలో మూడు పరుపులు పరిచి ఉన్నాయి. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి, ఉల్లిపాయ ముక్కలు, జీలకర్ర, ఉప్పుతో చేత్తో నలిపి, చింతపండు పులుసులో వేసి, వేయించిన నువ్వుల పొడి చల్లింది అమ్మ. పచ్చిపులుసును పొయ్యి మీద మరిగించే పనే లేదని చూసి వాళ్లు ఆశ్చర్యపోయారు. పక్కన ఆలుగడ్డ వేపుడు. ఓడలో పాస్తాకూ ఆలుగడ్డకూ కొదవ లేదు కాబట్టి గిన్నె చూడగానే ఇద్దరూ నా వైపు చూసి నవ్వారు. అమ్మ వేసిన ఎండుకారం, వెల్లుల్లి నోటికి తగిలాక మాత్రం గిన్నె ఖాళీ అయ్యేదాకా ఊరుకోలేదు. ఒహాయో అమ్మాయి పచ్చిపులుసును గ్లాసులో పోయించుకుని తాగింది.

పొద్దున నాన్న కంప్యూటర్ ముందు కూర్చున్నారు. విదేశీయులను ఇంట్లో పెట్టుకున్నా, లాడ్జిలో పెట్టుకున్నా 24 గంటల్లో ఫారం సీ ఆన్‌లైన్‌లో పంపాలి. ఎప్పుడూ చేయని పని, అయినా చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా పూర్తిచేశారు. ఇంట్లో కూర్చుని ఒక మనిషి చేయగలిగిన పనికి ఆ లాడ్జి మమ్మల్ని అర్ధరాత్రి వీధిలోకి పంపింది.

గోల్కొండ టికెట్ నాకు 25, వాళ్లకు తలా 300. ఇద్దరూ మారుమాట లేకుండా కట్టారు. ఫతే దర్వాజా గుమ్మటం కింద గైడ్ చప్పట్లు కొడితే కోట పైన ఉన్న బాలాహిసార్‌లో వినిపిస్తుంది కదా. ఒహాయో అమ్మాయి మోకాలు నొప్పితో కిందే ఉండిపోయింది, మేమిద్దరం పైకెక్కాం. కింద నుంచి చప్పట్లు వినపడగానే మెక్సికో అమ్మాయి కేక పెట్టింది. ఓడలో హిందూ మహాసముద్రపు వ్యాపారం గురించి చెప్పుకున్న పాఠం నాకు అక్కడే బోధపడింది. సముద్రం లేని ఈ కోటకు రేవు మచిలీపట్నం. కృష్ణా తీరంలో కొల్లూరు గనుల వజ్రాలు ఇక్కడి బజారుకొచ్చేవి, కలంకారీ బట్టలు మచిలీపట్నంలో ఓడలెక్కేవి. ఇంగ్లిష్ కంపెనీ 1611లో అక్కడ వ్యాపార కోఠీ పెట్టింది అందుకే. ఇంటర్‌లో చదివి మరచిపోయిన సంగతిని నేనే స్నేహితురాలికి చెబుతుంటే గర్వంగా అనిపించింది.

చార్మినార్, గాజులు, ఇరానీ చాయ్ అన్నీ బాగా జరిగాయి. తిరుగు ఆటోకు మాత్రం వాళ్ల మొహాలు చూసి 600 అడిగాడు, నేను మాట్లాడాక 180కి వచ్చాడు.

హైదరాబాద్‌కు విదేశీ స్నేహితులను తెచ్చేవాళ్లు యాప్‌ను నమ్మొద్దు. లాడ్జికే ఫోన్ చేసి "ఫారం సీ చేస్తారా?" అని సూటిగా అడగండి, మాట్లాడినవాళ్ల పేరు రాసుకోండి. ఓడ పిల్లలకు ఇంకో మాట. రేవు వదిలే రోజున విమానం పెట్టుకోవద్దు. ఓడెక్కాల్సిన సమయం దాటితే డాక్ టైమ్ పడుతుంది, అంటే తర్వాతి రేవులో మిగతావాళ్లు దిగిపోతుంటే మీరు గంటలకొద్దీ ఓడలోనే కూర్చోవాలి. ఓడ వెళ్లిపోతే సొంత ఖర్చుతో తర్వాతి దేశానికి చేరుకోవాలి. మేం ఒకరోజు ముందే కొచ్చి చేరాం, నిశ్చింతగా నిద్రపోయాం.

ఇప్పుడు అరేబియా సముద్రంలో ఉన్నాం, ముందున్నది కెన్యా. నిన్న భోజనాల దగ్గర ఒహాయో అమ్మాయి ఉల్లిపాయ, నిమ్మకాయ అడిగి తెచ్చుకుని గ్లాసులో ఏదో కలుపుతోంది. చింతపండు లేకుండా కుదరదని చెప్పాను. అమ్మకు మెసేజ్ పెట్టమంది. పెట్టాను. లాడ్జి డబ్బులు వచ్చాయా అని అమ్మ తిరిగి అడిగింది. 7,480లో ఒక్క రూపాయి కూడా ఇంకా రాలేదు.