కొళత్తూరులో ఏంజెల్ చేప పిల్లల కోసం రెండు రోజులు

పోయినసారి నెల్లూరులో కొన్న ఆరు ఏంజెల్ చేప పిల్లల్లో నాలుగు నెల తిరక్కుండానే పోయాయి. మిగిలిన రెండింటిలో ఒకదానికి మొప్ప మీది మూత పొట్టిగా ఉండి, లోపలి ఎరుపు బయటికి కనిపిస్తుంది. అది పుట్టినప్పటి నుంచి ఉన్న లోపమో, పెంచిన నీళ్ల వల్ల వచ్చిందో తెలియదు గానీ ఇక సరికాదు. అందుకే ఈసారి చెన్నై కొళత్తూరు వెళ్లాను, ఒక రాత్రి అక్కడే ఉండేలా.

రాత్రి ఉండడానికి కారణం ఉంది. చేప మేత తింటుందో లేదో కళ్లారా చూడాలి. కానీ ప్రయాణానికి ముందు చేపను పస్తుంచాలి, లేకపోతే కవర్లో నీళ్లు పాడైపోతాయి. ఒకే పూటలో ఈ రెండూ కుదరవు.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగి, దగ్గర్లోనే ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. గది శుభ్రంగా ఉంది, బాత్రూం పర్వాలేదు, రోడ్డు చప్పుడుకి మాత్రం నిద్ర లేదు. లోకల్ రైల్లో పెరంబూరు, అక్కడి నుంచి ఆటో. ఈ తిరుగుడు రెండుసార్లు చేశాక, పెరంబూరులోనే బస చేసి ఉండాల్సింది అనిపించింది.

కొళత్తూరులో వరసగా చేపల షాపులే. ఇళ్ల మేడల మీద తొట్లలో పెంచేవాళ్లూ ఉన్నారు. మొదటి షాపులో ఏంజెల్స్ మెరుస్తున్నాయి, రేటు కూడా తక్కువే. కానీ ఒక మూలన రెండు పిల్లలు రెక్కలు ఒంటికి అతికించుకుని నిలబడ్డాయి. ఇంకొకదాని వెనక తెల్లటి దారంలా రెట్ట వేలాడుతోంది, అది కడుపులో జబ్బుండొచ్చనే సూచన. అదే తొట్టిలో మిగతావి ఎంత బాగున్నా నేను ముట్టుకోను. నీళ్లు ఒకటే కదా.

రెండో షాపాయన తెలుగులోనే మాట్లాడాడు. "అన్నా, కొంచెం మేత వేస్తారా?" అంటే, "ఇప్పుడే వేశాను సార్, రేపు రండి" అన్నాడు. రేపు అంటే నాకు లాభం లేదు.

మూడోది చిన్న షాపు. అడగ్గానే చిటికెడు మేత వేశారు. రూపాయి బిళ్లంత పిల్లలన్నీ పైకి దూసుకొచ్చాయి. అక్కడే దాదాపు గంట కూర్చున్నాను. ముందు కన్ను చూశాను. ఒంటితో పోలిస్తే కన్ను మరీ పెద్దగా ఉంటే అది వయసులో చిన్నది కాదు, ఎదుగుదల ఆగిపోయిన పిల్ల. తర్వాత నుదురు. ఎదురుగా చూస్తే కత్తి అంచులా పలచబడి ఉంటే సరిగా తినడం లేదన్నమాట. పై రెక్క, కింది రెక్క వంపు లేకుండా సాగాలి, పొట్ట కింది రెండు పోగులూ నిటారుగా ఉండాలి. రెక్క చివర చిరిగితే మళ్లీ పెరుగుతుంది, రెక్కలోని ముల్లే వంగితే మాత్రం అలాగే ఉండిపోతుంది. మొప్పలు రెండూ సమంగా కదలాలి. ఒకవైపే ఆడిస్తూ గబగబా ఊపిరి తీస్తుంటే మొప్పల్లో పురుగు ఉందని అనుమానించాలి. రంగు నేను చివర్న చూస్తాను. జబ్బుకి మందు వేయొచ్చు, ఆకారానికి మందు లేదు.

ఆరింటిని ఎంచి వేరే తొట్టిలో పెట్టమన్నాను. ఈ వయసులో ఆడ, మగ తేడా తెలియదు, జత కుదరాలంటే ఆరైనా కావాలి. పొద్దున వెళ్లేసరికి ఒక మార్బుల్ (నలుపు, తెలుపు మరకల రకం) పిల్ల అడుగున ఒరిగి ఉంది. షాపాయన మాట్లాడకుండా దాన్ని మార్చి ఇంకొకటి ఇచ్చారు. ఎవరైనా అడిగితే ఈ షాపే చెబుతాను. ప్యాకింగ్ కూడా బాగా చేశారు. ఒక వంతు నీళ్లు, రెండు వంతులు ఆక్సిజన్, మూలల్లో చేపలు ఇరుక్కోకుండా కవర్ మూలలు మడిచి కట్టారు.

తిరుగు ప్రయాణం కూడా పినాకినిలోనే. ఏసీ చైర్ కార్ హాయే గానీ ఆ చలి వీటికి పడదు, 26 నుంచి 28 డిగ్రీలు కావాలి. సెకండ్ సిట్టింగ్‌లో థర్మకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడవి విడి తొట్టిలో ఉన్నాయి, స్పాంజ్ ఫిల్టర్, హీటర్‌తో. నాలుగు వారాల తర్వాతే పెద్ద ట్యాంకులోకి. నేటికి పదకొండో రోజు, ఆరూ తింటున్నాయి.