ఇగా, కోకా: నల్ల ముసుగు వెనక ఎవరున్నారో చూసొచ్చాం

మా వాడికి పదేళ్లు. ఒసాకా టికెట్లు బుక్ చేసిన రోజు నుంచి "నింజా ఊరెప్పుడు" అని ఒకటే గోల. నింజాలంటే పాతకాలం జపాన్ వేగులవాళ్లు, వాళ్లకి పేరున్న ఊళ్లు ఇగా, కోకా. సరేనని రెండు రోజులు పెట్టుకుని ఇగాలో ఒకరోజు, కోకాలో ఒకరోజు తిరిగాం. ముందే చెప్పేస్తున్నా, పిల్లలకి ఇగా, పెద్దవాళ్లకి కోకా.

ఒసాకా నుంచి కింతెత్సు అనే కంపెనీ రైల్లో ఇగా-కంబె దాకా వెళ్లి, అక్కడ చిన్న ఇగా రైలు ఎక్కాలి. ఆ రైలు ముఖం మీద పెద్ద పెద్ద నింజా కళ్లు గీసి ఉంటాయి, గీసింది మాంగా (జపాన్ కామిక్స్) కళాకారుడు లెయిజి మత్సుమొతో. అక్కడితోనే మా వాడి డబ్బులు వసూలు.

ఊళ్లో ఒక షాపులో వాడికి నల్ల డ్రెస్ అద్దెకి తీసుకున్నాం. సైజు లేదని పెద్దది అంటగట్టారు, రోజంతా ప్యాంటు ఎత్తిపట్టుకుని నడిచాడు. పైగా పట్టపగలు ఆ నల్ల బట్టల్లో స్టేషన్లో నిలబడితే ఊరంతా వాడినే చూసింది! అసలు వేగులవాడు అలా తిరుగుతాడా? సన్యాసిగానో, వర్తకుడిగానో, ఊరూరా తిరిగి ఆడిపాడేవాడిగానో వెళ్లేవాళ్లట. ఈ నల్ల డ్రెస్ మన మనసుల్లోకి వచ్చింది నాటకాల నుంచి అని ఎక్కువమంది చెప్పే మాట: కబుకీ అనే జపాన్ పాత నాటకాల వేదిక మీద సామాన్లు మార్చేవాళ్లు నల్లబట్టల్లో ఉంటారు, వాళ్లు లేనట్టే అనుకుని చూడటం అక్కడి ప్రేక్షకులకి అలవాటు, అందుకే కనిపించని నింజాకీ అదే డ్రెస్ వేశారట. ఇంకో విషయం, "నింజా" అనే మాట ఇంతగా జనంలోకి వచ్చింది 20వ శతాబ్దంలోనే. అంతకుముందు ఎక్కువగా షినోబి అనేవాళ్లు.

ఇగా నింజా మ్యూజియం కోట పక్కనే, ఉయెనో పార్కులో. తిరిగే గోడ బాగుంది గానీ నాకు నచ్చింది నేలపలక. గైడమ్మాయి పలక చివర కాలితో తొక్కగానే రెండో కొస పైకి లేచింది, కింద దాచిన కత్తి మనం రెప్ప వేసేలోపే ఆమె చేతిలో ఉంది. వివరణ చాలావరకు జపనీస్‌లోనే, గుంపుని తొందరగా ముందుకి నెట్టేస్తారు. షోకి వేరే టికెట్. నీళ్ల మీద నడిచే చెక్క చెప్పులు చూపించి "నిజంగా నడిచేవాళ్లా?" అని మా వాడు అడిగాడు. నడవలేరు నాన్నా, మునుగుతారు. బురద నేల దాటడానికో, తేలడానికో వాడి ఉంటారని పండితుల ఊహ. షురికెన్ (నింజాలు విసిరే మొనల ఇనుప బిళ్ల) చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది, మొనలు గుచ్చుకుంటాయి. ఇనుము ఖరీదైన రోజుల్లో వాటిని జేబు నిండా వేసుకుని గింజల్లా విసిరేస్తారా ఎవరైనా?

అసలు కథ వీటికన్నా గట్టిది. ఇగా, కోకా కొండల నడుమ చిన్న చిన్న సామంత కుటుంబాలు తమ ఊళ్లని తామే కాపాడుకునేవి. 1581లో అప్పటి బలమైన యుద్ధప్రభువు ఓదా నొబునాగా పెద్ద సైన్యాన్ని పంపి ఇగాని నాశనం చేశాడు. మరుసటేడు అతను చనిపోగానే, ఒసాకా వైపు చిక్కుకుపోయిన అతని మిత్రుడు, తర్వాత జపాన్‌ని ఏలిన తొకుగావా ఇయెయాసుని ఇగా, కోకా వాళ్లు ఈ కొండదారుల్లోంచే ఇంటికి చేర్చారు. ఆ తర్వాత ఇగా వాళ్లకి ఎడో (ఇప్పటి టోక్యో) కోటలో కాపలా ఉద్యోగాలు దొరికాయి. వాళ్ల నాయకుడిగా పేరొందిన హట్టోరి హాంజో అసలుకి ఈటె పట్టిన సమురాయ్. టోక్యోలో మెట్రో లైన్‌కి హాంజోమొన్ అనే పేరుంది చూడండి, అదీ ఆయన పేరే. నింజా విద్యని "బన్‌సెన్‌షూకాయ్" అనే పుస్తకంగా రాసిపెట్టింది 1676లో, యుద్ధాలు ఆగిపోయి చాలాకాలమయ్యాక. అందులో ఆయుధాలకన్నా ముందు మనసు నిజాయితీగా ఉంచుకోవడం గురించే ఉంటుంది.

బస పాత పద్ధతి సత్రంలో. పరుపు నేల మీదే, నాకు హాయిగా ఉంది, మా ఆయన నడుం పట్టేసింది. శాకాహారమని ముందే రాసినా సూప్‌లో చేప వాసన! అడిగి మార్పించుకున్నాం.

కోకాలో మొచిజుకి వారి ఇల్లు, కోనన్ స్టేషన్ నుంచి ఇరవై నిమిషాల నడక. ఇది అసలు ఉన్నచోటే ఉన్న పాత ఇల్లు, మూడు వందల ఏళ్లకి పైమాట. బయట నుంచి ఒక అంతస్తులా కనిపిస్తుంది, లోపల మూడున్నాయి. ఇక్కడ హడావుడి లేదు, మాతో పాటు ఇంకో జంట మాత్రమే. కోకా వాళ్లకి మందుల తయారీ వంశపారంపర్యం, ఇప్పటికీ ఆ చుట్టుపక్కల మందుల కంపెనీలున్నాయి. ఊరూరా మందులమ్మే మనిషిని ఎవరు అనుమానిస్తారు చెప్పండి!

కొనాలనుకుంటే ఇగాలో కతయాకి బిస్కెట్ కొనండి. పళ్లతో కొరకొద్దు, రెండు బిస్కెట్లని ఒకదానికొకటి కొట్టి పగలగొట్టుకోవాలి, కొన్ని షాపుల్లో చిన్న చెక్క సుత్తి కూడా ఇస్తారు. మా ఇంట్లో ఇంకా ఒక ప్యాకెట్ ఉంది, సుత్తి ఎక్కడో పోయింది, అప్పడాల కర్రతో కానిచ్చేస్తున్నాం.