సిమ్యులేటర్‌లో హీట్ ఎక్స్‌ఛేంజర్ బ్లాక్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

కెమికల్ ప్లాంట్‌ని కంప్యూటర్‌లో లెక్కేసి చూపించే సిమ్యులేటర్లు హైసిస్, డీడబ్ల్యూసిమ్ రెండూ కొన్నేళ్లుగా వాడుతున్నా. డీడబ్ల్యూసిమ్ ఫ్రీ కాబట్టి నేర్చుకునేవాళ్లు దాంతోనే మొదలెట్టొచ్చు, హీట్ ఎక్స్‌ఛేంజర్ (వేడి స్ట్రీమ్ నుంచి చల్లటి స్ట్రీమ్‌కి వేడిని దాటించే పరికరం) వెనకున్న లెక్క ఎక్కడైనా అదే.

బ్లాక్ పెట్టి అవుట్‌లెట్ టెంపరేచర్ ఇచ్చేస్తే ఠక్కున కన్వర్జ్ అవుతుంది (లెక్క తేలిపోతుంది), చాలామంది అక్కడితో వదిలేస్తారు. కానీ జవాబు మనమే ఇచ్చాం కదా! అది డ్యూటీ (ఎంత వేడి దాటాలో) లెక్కేసి ఇంత యూఏ (హీట్ ట్రాన్స్‌ఫర్ కోఎఫిషియెంట్ యూ, ఏరియా ఏ, రెండూ గుణిస్తే వచ్చేది) కావాలి అంటుంది అంతే, ప్లాంట్‌లో ఉన్న ఎక్స్‌ఛేంజర్ అంత చేయగలదో లేదో దానికేం తెలుసు. పెర్ఫార్మెన్స్ తెలియాలంటే యూఏ మనం ఇచ్చి టెంపరేచర్లు దాన్ని చెప్పమనాలి. ఆ యూఏ ప్లాంట్ డేటా నుంచే తీయాలి, అదీ హాట్ సైడ్ డ్యూటీ, కోల్డ్ సైడ్ డ్యూటీ దగ్గరగా వచ్చాకే, లేకపోతే బహుశా ఏదో ఒక మీటర్ తేడాగా చూపిస్తోందన్నమాట.

ఇంకో గొడవ, ఇచ్చిన యూఏ అలాగే ఉండిపోతుంది. లోడ్ 70 శాతానికి తగ్గిస్తే టర్బులెంట్ (సుడులు తిరిగే) ఫ్లోలో ట్యూబ్ సైడ్ హీట్ ట్రాన్స్‌ఫర్ కోఎఫిషియెంట్ ఫ్లోకి 0.8 పవర్ చొప్పున పడి దాదాపు 75 శాతానికి వస్తుంది, షెల్ సైడ్ (ట్యూబుల బయటి వైపు) 0.6 అనుకుంటే 81కి, మరి యూఏ మార్చకుండా రన్ చేస్తే ఎక్స్‌ఛేంజర్ ఉన్నదానికంటే బాగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. ఫౌలింగ్ (లోపల మురికి పేరుకోవడం) బాగా ఉన్న చోట అంత పడదులెండి, మురికి రెసిస్టెన్స్ ఫ్లోతో మారదు కాబట్టి. నేను స్ప్రెడ్‌షీట్‌లో ఈ స్కేలింగ్ పెట్టి బ్లాక్‌కి లింక్ చేస్తా.

కండెన్సర్ల దగ్గర మాత్రం అసలు జాగ్రత్తగా ఉండాలి. ఒక చిన్న కేసు చెప్తా, అట్మాస్ఫియరిక్ ప్రెజర్‌లో 150 డిగ్రీల స్టీమ్ కండెన్స్ అయి 60 డిగ్రీల నీళ్లుగా బయటికి వస్తోంది, కూలింగ్ వాటర్ ఎదురుగా 30 నుంచి 80కి వెళ్తోంది. రెండు చివర్ల టెంపరేచర్లతో ఎల్ఎంటీడీ (రెండు వైపుల మధ్య టెంపరేచర్ తేడాకి లాగరిథమ్‌తో తీసే సరాసరి) 47 డిగ్రీలు. అదే సూపర్‌హీట్ (స్టీమ్ 100కి చల్లారడం), కండెన్సింగ్, సబ్‌కూలింగ్ (నీళ్లు ఇంకా చల్లారడం) అని మూడు జోన్‌లు చేస్తే సరాసరి 41 మాత్రమే, ఎందుకంటే స్టీమ్ 100 దగ్గర కండెన్స్ అవడం మొదలయ్యే చోట నీళ్లు అప్పటికే 78కి చేరుకున్నాయి, తేడా 22 డిగ్రీలే. యూఏ 16 శాతం ఎక్కువ కావాలి! ఫేజ్ మారుతుంటే హైసిస్‌లో వెయిటెడ్ మోడ్ (ఎక్స్‌ఛేంజర్‌ని ముక్కలు చేసి లెక్కేసేది) పెట్టి ఇంటర్వల్స్ (ఆ ముక్కలు) పెంచండి, వేడితో పాటు టెంపరేచర్ ఎలా మారుతోందో చూపే హీట్ కర్వ్ ప్లాట్ కళ్లతో చూడండి.

మామూలు షెల్ అండ్ ట్యూబ్‌లో ఎఫ్‌టీ (ఫ్లో పూర్తిగా ఎదురెదురుగా లేనందుకు ఎల్ఎంటీడీని తగ్గించే ఫ్యాక్టర్) 0.75 కిందకి పోతే వార్నింగ్ పట్టించుకోండి, అక్కడ చిన్న టెంపరేచర్ మార్పుకే ఫ్యాక్టర్ పాతాళానికి పోతుంది. జామెట్రీ అంతా ఇచ్చే రిగరస్ మోడ్ బాగుంటుంది గానీ రోజువారీ పనికి నాకైతే ఎక్కువే అనిపిస్తుంది, వైబ్రేషన్, బాఫిల్ (షెల్‌లో ఫ్లోని మళ్లించే పలకలు) లీకేజీ లాంటివి చూడాల్సినప్పుడే తెరుస్తా.

రియాక్టర్ ఫీడ్‌ని ఎఫ్లుయెంట్‌తో (రియాక్టర్ నుంచి బయటికొచ్చే స్ట్రీమ్‌తో) వేడిచేసే లూప్‌లో మొదటే యూఏ ఇస్తే సాల్వర్ తిరుగుతూనే ఉంటుంది, ముందు అవుట్‌లెట్ టెంపరేచర్‌తో కన్వర్జ్ చేసుకుని తర్వాత స్పెక్‌ని యూఏకి మార్చుకుంటే ఏ గొడవా లేదు.