పెల్లెట్ పొయ్యికి ఇన్వర్టర్ పెట్టాం: ఏడు నెలలు వాడాక రాస్తున్నాను

మాది అంబాజీపేటలో చిన్న టిఫిన్ హోటలండి. పొద్దున్నే పొట్టిక్కలు (పనసాకు బుట్టల్లో పిండి పోసి ఆవిరి మీద ఉడికించేవి), పెసరట్టు ఉప్మా. ఇదివరకు కొబ్బరి డొక్కలూ మట్టలూ పెట్టి వండేవాళ్లం. ఆ పొగకి మా అత్తగారికి దగ్గు పట్టుకుని వదలకపోతే రెండేళ్ల కిందట పెల్లెట్ పొయ్యి కొన్నాం. రంపంపొట్టు గట్టిగా నొక్కి చేసిన గుళికలు పోసి, బ్లోయర్‌తో కింద నుంచి గాలి కొడితే గ్యాస్ పొయ్యిలా నిలబడి మండుతుంది. ఉన్నదంతా ఆ గాలిలోనే ఉంది. కరెంటు పోయిందంటే మంట చచ్చిపోతుంది, లోపల గుళికలు మాత్రం రాజుకుంటూ వంటిల్లంతా పొగ కమ్మేస్తుంది. తలుపులూ కిటికీలూ తీసి బయటికి వచ్చేయాల్సిందే, ఆ పొగలో ఉండటం ప్రాణానికే ప్రమాదం.

పొట్టిక్కలకైతే మరీ కష్టం. పనసాకు బుట్టలో పిండి ఇడ్లీ కంటే లావుగా ఉంటుంది కాబట్టి నడిమి దాకా ఉడకాలంటే ఆవిరి ఆగకూడదు. మధ్యలో ఆగితే పైన ఉడికినట్టే కనిపిస్తుంది, ఆకు విప్పితే అడుగున జిగురు. మళ్లీ మంట పెట్టినా గుల్లగా రాదు. ఒకరోజు అలా 80 పారబోశాం. ముందురోజు సాయంత్రమంతా అత్తగారు కూర్చుని ఈనెపుల్లలతో కుట్టిన బుట్టలవి. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, నాకే కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

ఇంట్లో పాత ఇన్వర్టర్ ఉంది కదా అని దానికే తగిలించాం. అది స్క్వేర్ వేవ్ రకం, అంటే లైన్ కరెంటులా నున్నటి అలగా కాకుండా ఒక్కసారిగా పైకీ కిందకీ మారే కరెంటు ఇస్తుంది. బ్లోయర్ గుంయ్‌మని మోగుతూ తిరిగింది, గాలి సగమే వచ్చింది, అరగంటకి మోటారు మీద చెయ్యి పెట్టలేకపోయాం. నాలుగో రోజుకి కాయిల్ కాలిపోయింది. బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు చూసి, "పిన్నిగారూ, లైట్లకైతే సరిపోద్దండి, మోటారుకి ఈ కరెంటు పడదు. ప్యూర్ సైన్ వేవ్ తీసుకోండి, అది లైన్ కరెంటులాగే నున్నగా ఇస్తుంది" అన్నాడు.

అమలాపురం వెళ్లి 900 వీఏ ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ తెచ్చాం. రెండూ కలిపి 23 వేలయ్యింది. లెక్క చెప్తాను, మీకూ పనికొస్తుంది. 12ని 150తో గుణిస్తే 1800 వాట్ అవర్లు. బ్యాటరీని అడుగంటా వాడకూడదు, కాబట్టి 1400 అనుకోండి. మా బ్లోయర్ 60 వాట్లు, ఇన్వర్టర్ తినేది కూడా కలిపితే 80 అనుకోవచ్చు. అంటే 17 గంటలు. మాకు పొద్దున్న అయిదు గంటలు నడిస్తే చాలు.

నిజమైన పరీక్ష మొంథా తుఫానప్పుడే వచ్చింది. 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, సాయంత్రమే కరెంటు పోయింది. తెల్లారేసరికి వీధిలో తీగల మీద కొబ్బరిచెట్లు. అయిదింటికి పొయ్యి వెలిగించాను, ఆవిరి ఎప్పటిలాగే వచ్చింది. చెట్లు కోసే వాళ్లూ, లైన్ పని వాళ్లూ తడిసి ముద్దై వచ్చి వేడివేడిగా తిన్నారు. రెండో పొద్దున్న కూడా నడిచింది, ఇంకా చార్జింగ్ మిగిలే ఉంది. వంటింట్లో ఒక బల్బు తప్ప ఇంకేమీ దానికి కలపలేదు లెండి. మా ఆయన గ్రైండర్ పెడదామన్నారు, నేను ఒప్పుకోలేదు. అంతకుముందు ఒకసారి పెట్టి చూశాం, ఓవర్‌లోడ్ అని కూత కూసి మొత్తం ఆపేసింది, బ్లోయర్‌తో సహా.

ఇబ్బందులు లేకపోలేదు. మాది ఉప్పుగాలి, టెర్మినల్స్‌కి పచ్చగా చిలుం పడుతుంది. వేడినీళ్ల గుడ్డతో తుడిచి వ్యాజిలైన్ రాస్తున్నాం. డిస్టిల్డ్ వాటర్ ఇప్పటికి రెండుసార్లు పోశాం. బ్యాటరీని పొయ్యి దగ్గర పెట్టొద్దు, నేల మీద అసలే పెట్టొద్దు. మాకు వానొస్తే గుమ్మంలోకి నీళ్లొస్తాయి, అందుకని గాలి ఆడే వరండాలో రెండడుగుల అరుగు కట్టించాం.

పొయ్యి అమ్మినవాళ్లు చెప్పని సంగతి ఇంకొకటుంది. వంటైపోయిందని బ్లోయర్ కట్టేయకండి. లోపల నిప్పు ఉండగా గాలి ఆపితే ఆ సెగ గొట్టంలోంచి వెనక్కి తంతుంది. మా మొదటి ఫ్యాన్ ప్లాస్టిక్ రెక్కలు అలాగే కాల్చిన అప్పడంలా ముడుచుకుపోయాయి. ఇప్పుడు నిప్పు పూర్తిగా ఆరేదాకా, కరెంటున్నా లేకపోయినా, ఇంకో అరగంట తిరగనిస్తున్నాం.