మేతకు తిరిగిన యాట కార్జమా, బాయిలర్ కార్జమా: ఏది మేలు?

మా చెల్లెకు రక్తం తక్కువుందని తేలిన రోజు నుంచి ఇంట్లో ఇదే పంచాయితీ. తెలిసినోళ్లు కూడా ఎక్కడ కలిసినా ఇదే అడుగుతున్నరు. మందులు కొట్టకుండా పెంచిన యాట కార్జమే తినాలెనా, బాయిలర్ కోడిది సరిపోతదా? హనుమకొండలో ‘ఆర్గానిక్’ అని చెప్పి కిలోకు వందలు ఎక్కువ గుంజుతున్నరు గనుక అడుగుడు న్యాయమే.

ఇనుము ఒక్కటే చూస్తే బాయిలర్‌ది ఏం తీసిపోదు. 100 గ్రాముల పచ్చి కోడి కార్జంలో దాదాపు 9 మిల్లీగ్రాములుంటది, గొర్రె కార్జంలో ఏడుంబావు, ఏడున్నర. రక్తానికి కావల్సిన ఫోలేట్ అనే విటమిన్ కూడా కోడిలోనే ఎక్కువ. బి12లో యాటదే పైచేయి, కోడికంటె అయిదింతలు. అయితే మనకు రోజుకు కావల్సింది రెండు మూడు మైక్రోగ్రాములే, కోడి కార్జం 100 గ్రాములకు 16 ఇస్తది. కాబట్టి ఆ గెలుపుతో మనకు పెద్దగా ఒరిగేదేం లేదు.

విటమిన్ ఎ సంగతి వేరు. పచ్చి మేత మేసిన జీవం ఆకుల్లోని కెరోటిన్‌ను విటమిన్ ఎగా మార్చుకొని కార్జంలోనే దాచుకుంటది. గొర్రె కార్జం యాభై గ్రాములు తింటేనే పెద్దవాళ్లకు రోజుకు పెట్టిన హద్దు, 3000 మైక్రోగ్రాములు, దాటిపోతది. ఎప్పుడన్న ఒకసారి తింటే ఏం కాదు, రోజూ వద్దు. కడుపుతో ఉన్నోళ్లకు మాత్రం బలమని కొసరి కొసరి వడ్డించకండి. అతిగా చేరిన విటమిన్ ఎ కడుపులో బిడ్డకే చేటు.

ఇంతకూ ఆర్గానిక్ అంటే ఇనుమేం పెరగదు. మారేది మందుల అవశేషాలు. వాటిని విరగ్గొట్టేది కార్జమే కాబట్టి కండకంటె అక్కడే ఎక్కువ మిగులుతయి. ఈ లెక్కన మందులేని యాటే మేలనిపిస్తది. కానీ మన దగ్గర చెరువు శిఖం భూముల్లో మేసే మందకు నత్తల ద్వారా జలగ (నీళ్లల్ల రక్తం తాగేది కాదు, కార్జంలో బతికే నట్ట, అంటే లోపలి పురుగు) వస్తది, నట్టల మందు పోయకపోతే అది కార్జంలోనే కాపురం పెడ్తది.

పోయిన ఆదివారం నర్సంపేట దిక్కు మా ఊళ్లె టేకాకుల మీద పోగులు వేస్తుంటే చూసిన. గొల్లాయన కార్జాన్ని అరచేతిలో పెట్టుకొని బొటనవేలితో నొక్కుకుంట పోయిండు. ఒకచోట ఆగి కత్తి దించితే కరకరమన్నది. పసరు నాళాలు తెల్లగా, గట్టిగా తేలినయి, లోపల ఆకు ముక్కల్లాంటి జలగలు. పోగుల్లో కలపకుండ పక్కన పెట్టేసిండు. అది తింటే ఆ జలగలు మనకు అంటవు, ఎక్కువగా నీటి మొక్కల మీది నుంచే అంటుతయి. అయినా పాడైన సరుకు పాడైనదే. (నీటిబుడగలున్న కార్జాన్ని కుక్కలకు వేయకండి. ఆ బుడగల్లో ఉండేది వేరే రకం నట్ట, కుక్కల నుంచి మళ్లీ మందకు, మనకు కూడా వస్తది.)

అందుకే నా మటుకు నాకు ‘ఆర్గానిక్’ బోర్డుకంటె కార్జాన్ని ముక్క కొట్టకముందు చూసుడే ముఖ్యం. నున్నగా, ముదురు ఎరుపు మీద, అంచులు పల్చగా ఉండాలె. నట్టల మందు ఎప్పుడు పోసినవని అడిగితే మొహం చూసి జవాబు చెప్పే మనిషి ఉండాలె. మందు పోసినంక ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసిన గడువు దాటిన తర్వాతే కోయాలె. బాయిలర్ కార్జంలో ఈ వెసులుబాటు లేదు, కుప్పలో ఏ కోడిదేదో ఎవరికెరుక. పసుపు తిరిగినవి ఏరి అవతల పెట్టి, మిగిలినవి లోపల ఎరుపు పోయేదాక ఉడికించుకోవాలె, అంతే. పైసలు తక్కువున్నప్పుడు అదే తినండి, తప్పులేదు.

బోటి రుచికే, ఇనుము లేనట్టే. భేజాలో కొలెస్ట్రాల్ కొండంత. గుర్దా ముదురు జీవానిదైతే వద్దు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నోళ్లు కార్జంతో సహా వీటన్నిటికీ దూరముండాలె.

ఇక ఎవరూ అడగనిది తిల్లి, అంటే ప్లీహం. గొర్రె తిల్లిలో 100 గ్రాములకు 40 మిల్లీగ్రాములకు పైగా ఇనుముంటది, కార్జానికి అయిదింతలు! ఆడవాళ్లకు రోజుకు 29 అని మన పోషకాహార సంస్థ లెక్క.

‘తిల్లికి వేరే రేటు ఎంత’ అని గొల్లాయనను అడిగిన. ‘‘దాన్ని ఎవలడుగుతరు సారూ, బోటిల ఏసుకోండ్రి’’ అని నవ్వి, తన పోగులోది కూడా తీసి నా సంచిలో వేసిండు. చెల్లెకు మిరియాలేసి వేపుడు చేసి, పైన నిమ్మకాయ పిండి పెట్టినం. ‘‘అన్నా, కార్జంలెక్కనే ఉంది, జర మెత్తగ’’ అన్నది. తిన్నంక గంట దాక చాయ్ వద్దన్నందుకే ఆమె అలిగింది.