నాన్నకు ఇంట్లో నర్సింగ్: రెండేళ్ల నాలుగు నెలలు వాడాక

ఏజెన్సీ పేరు చెప్పను. వాళ్ల సిస్టర్ ఈ రాత్రి మా ఇంటికి డ్యూటీకి రావాలి, రేపూ రావాలి. అయినా విశాఖలో మంచం పట్టిన పెద్దవాళ్ల కోసం హోమ్ నర్సింగ్ వెతుక్కుంటున్నవాళ్లకు మా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

నాన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఎంవీపీ కాలనీలో ఇల్లు. రోజూ పొద్దున్నే అప్పూఘర్ దాకా నడిచొచ్చే మనిషి. డెబ్భై ఒకటో ఏట మెదడులో కుడివైపు స్ట్రోక్ వచ్చింది. ఆపరేషన్, నలభై రెండు రోజుల ఐసీయూ అయ్యాక ఇంటికి వచ్చేసరికి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఊపిరికి గొంతులో ట్రాకియాస్టమీ ట్యూబు, ఆహారానికి పొట్టలో పెగ్ ట్యూబు, మూత్రానికి క్యాథెటర్, నడుము కింద అరచేయంత పుండు. షుగరు ఇరవై ఏళ్లుగా ఉన్నదే, ఫిట్స్ కొత్తగా తోడయ్యాయి. గొంతులో ట్యూబు వల్ల మాట రాదు కానీ తెలివి, కుడిచెయ్యి దివ్యంగా ఉన్నాయి. మా అబ్బాయి చిన్నప్పటి పలక వెతికి ఇస్తే, బలపంతో రాసి చూపించేవారు.

ఆసుపత్రి వాళ్లు చేతికిచ్చింది నాలుగు పేజీల డిశ్చార్జ్ సమ్మరీ, పదిహేను రకాల మందులు, ఐదుగురు డాక్టర్ల ఫాలోఅప్ తేదీలు. ఒకాయన ఆరిలోవ హెల్త్ సిటీలో, ఒకాయన మహారాణిపేటలో, ఇంకొకాయన రామ్‌నగర్‌లో. వీళ్లలో ఎవరు రాసింది ఎవరూ చూడరు. తమ్ముడు హైదరాబాద్‌లో, నాకు బ్యాంకు ఉద్యోగం, అమ్మకు మోకాళ్ల నొప్పులు. అలా ఏజెన్సీకి ఫోన్ చేశాం.

మొదట్లో రెండు షిఫ్టులకు ఇద్దరు సిస్టర్లు, పగలు ఒక అటెండెంట్, అన్నీ కలిపి నెలకు ఎనభై ఐదు వేలు. మందులు, డైపర్లు, గొంతులో కఫం లాగే సక్షన్ గొట్టాలు వేరే. ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఇచ్చే ఈహెచ్‌ఎస్ ఆరోగ్య కార్డు ఆసుపత్రి గుమ్మం దాకానే, ఇంట్లో నర్సింగ్‌కు పైసా రాలేదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఏజెన్సీ వాళ్లు అందరినీ ‘నర్స్’ అనే అంటారు. జీఎన్ఎం అంటే మూడేళ్ల కోర్సు, ఏఎన్ఎం అంటే రెండేళ్లు, ఇద్దరికీ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. అటెండెంట్‌కు అది ఉండదు. ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం, పక్కకు తిప్పడంలో మా అటెండెంట్ చెయ్యి సిస్టర్ల కంటే మెత్తన. కానీ గొంతు ట్యూబులో సక్షన్ పెట్టే పని ఆమెది కాదు. మూడో వారంలో సిస్టర్ దొరకలేదని ఇంకో అటెండెంట్‌కు తెల్లకోటు తొడిగి పంపారు. రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే ‘ఆఫీసులో ఉందండి’ అంది. వెనక్కి పంపించేశాను.

ఇక అసలు విషయం. మొదటి పదహారు నెలలు మా కేసు చూసిన కోఆర్డినేటర్ మేడమ్ ఒకప్పుడు ఐసీయూలో పనిచేసిన సీనియర్ సిస్టర్. మొదటి రోజే వచ్చి మా డైనింగ్ టేబుల్ మీద మందులన్నీ పోయించింది. ఒక్కో స్ట్రిప్పూ తిరగేసి చూస్తూ బీపీ మాత్ర దగ్గర ఆగింది.

‘‘ఇది ఎలా ఇస్తున్నారమ్మా?’’

‘‘అన్నీ కలిపి నూరి, నీళ్లలో కలిపి ట్యూబులో పోస్తున్నామండి.’’

‘‘పేరు చివర ఎక్స్ఎల్ అని ఉంది చూశారా? ఇది ఒంట్లో మెల్లగా, రోజంతా కరగాల్సిన మాత్ర. నూరేస్తే రోజంతటి మందూ ఒక్కసారే దిగిపోతుంది. తరవాత బీపీ పడిపోతోందా?’’

పడిపోతోంది. రోజూ పదకొండింటికి నాన్నకు చెమటలు పట్టి కళ్లు మూతలు పడుతుంటే, నీరసం అనుకుంటున్నాం. ఆవిడ అక్కడి నుంచే డాక్టర్‌కు ఫోన్ చేసి, అదే మందును రోజుకు రెండుసార్లు ఇచ్చే మామూలు మాత్రగా మార్పించింది. ఫిట్స్‌కిచ్చే ఫెనిటాయిన్ కూడా ట్యూబు ఆహారంతో కలిస్తే ఒంటికి సరిగ్గా పట్టదట. దానికి ముందూ వెనకా గంటన్నర ఖాళీ ఉండేలా ఫీడ్ టైములన్నీ జరిపింది. చివరికి పదిహేను మందులు, ఆరు ఫీడ్లు, రెండు ఇన్సులిన్లు, అన్నీ టైము ప్రకారం ఒకే కాగితం మీదకు వచ్చాయి. దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించి, పాత కాగితాలన్నీ నా ఎదురుగానే చింపేసింది. రెండు కాగితాలుంటే ఎవరో ఒకరు పాతది చూస్తారు అంది.

తరవాత నోటుబుక్కు. ఎంత లోపలికి వెళ్లింది, ఎంత మూత్రం వచ్చింది, సక్షన్ ఎన్నిసార్లు, కఫం రంగు, షుగర్, విరేచనం, ఏ పక్కకు తిప్పారు. మార్జిన్ లేని నోటుబుక్కు తెచ్చానని నాన్న పలక మీద ‘మార్జిన్?’ అని రాసి నా వంక చూశారు. స్కేలు పెట్టి అన్ని పేజీలకూ గీశాను.

ఆవిడ పెట్టిన ఇంకో పద్ధతి, షిఫ్టు అప్పగింత మంచం పక్కనే జరగాలి. వెళ్లే సిస్టర్ చెబుతుంటే వచ్చే సిస్టర్ ట్యూబులు, పుండు, మూత్రం సంచి తన కళ్లతో చూసుకోవాలి. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ‘‘అన్నీ ఇచ్చీసానండీ, బానే ఉన్నారు’’ అంటే ఒప్పుకునేది కాదు. నాన్నకు తెలివి ఉంది కాబట్టి, చెప్పినదాంట్లో తేడా ఉంటే పలక మీద వేలుతో టకటకా కొట్టేవారు. క్లాసులో డస్టర్‌తో బల్ల మీద కొట్టినట్టే.

పుండు మానడానికి అయిదు నెలలు పట్టింది. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని మేం నిశ్చింతగా ఉన్నాం. బెడ్ ఉన్నా రెండు గంటలకోసారి తిప్పాల్సిందే, ఫీడ్‌లో ప్రొటీన్ పెరగాల్సిందే అని పట్టుబట్టింది. మన ఊరి ఉక్కపోతకు దుప్పటి గంటకే తడిసిపోతుంది, తడి చర్మం తొందరగా ఒరుస్తుంది. (ఉప్పుగాలికి మంచం హ్యాండిల్ స్క్రూలు కూడా తుప్పు పట్టి ఆర్నెల్లలో బిగుసుకుపోయాయి. సముద్రం దగ్గర ఇల్లంటే ఇదొక ఖర్చు.) అక్టోబర్ రాకముందే కాలితో తొక్కే సక్షన్ పంపు ఒకటి కొనిపించింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేకపోవడం చూసినవాళ్లం, ఎందుకని అడగలేదు.

ఆవిడ పనితనం నాకు పూర్తిగా తెలిసొచ్చింది మాత్రం గిరి ప్రదక్షిణ రోజున. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు జనం నడుస్తారు. హనుమంతవాక, అప్పూఘర్, ఎంవీపీ, వెంకోజీపాలెం, సాయంత్రానికి దారంతా జనమే. మొదటి ఏడాది నాలుగు రోజుల ముందే ఫోన్ చేసి, ‘‘ఆ రోజు నైట్ సిస్టర్ మధ్యాహ్నం పన్నెండుకే వచ్చేస్తుందమ్మా, భోజనం చూడండి, సాయంత్రం దాకా పడుకోనివ్వండి’’ అంది. ఆ రాత్రి బయట ‘సింహాద్రి అప్పన్నా’ అని కేకలు, లోపల ఎప్పటిలాగే ఎనిమిదింటికి ఫీడు.

పదహారో నెలలో ఆవిడ మానేసింది. జీతం గొడవని సిస్టర్లు చెప్పుకున్నారు. ఆమె స్థానంలో ఒక వాట్సాప్ గ్రూపు, ఒక కుర్రాడు వచ్చారు. కుర్రాడు మర్యాదస్తుడే. కానీ నర్సింగ్ చదివినవాడు కాదు, పైగా ఊళ్లో ఉన్న కేసులన్నీ అతని నెత్తినే. గ్రూపులో మనం ఏం పెట్టినా ‘నోటెడ్ మేడమ్’ అని వస్తుంది, పక్కన చేతులు జోడించిన బొమ్మ. రెండో ఏడాది గిరి ప్రదక్షిణ రాత్రి నైట్ సిస్టర్ ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఆటోలో ఇరుక్కుపోయి పదకొండున్నరకు వచ్చింది. పొద్దుటి నుంచి ఉన్న పాడేరు అమ్మాయి పదిహేను గంటలకు పైగా నిలబడింది. ఆమెకు ఎక్కువ డబ్బు ఇచ్చింది మేమే.

అంతకంటే పెద్దది ఇన్సులిన్ సంగతి. డాక్టర్ ఇన్సులిన్ మార్చారు. ఆ చీటీ ఫొటో గ్రూపులో పెట్టాను, ‘నోటెడ్’ వచ్చింది. పాతది మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసా, కొత్తది 100 యూనిట్ల సీసా. ఇంట్లో ఉన్న సిరంజిలు ఎర్రమూతవి, అంటే 40 సీసాకు చేసినవి. 100 సీసాకు నారింజమూతవి కావాలి. ఆ సంగతి నాకు తెలియదు, ఆ రాత్రి బదులుగా వచ్చిన కొత్త సిస్టర్ చూసుకోలేదు, గ్రూపులో ఎవరూ చెప్పలేదు. ఎర్రమూత సిరంజిలో పద్నాలుగు గీత దాకా లాగితే పద్నాలుగు యూనిట్లు కాదు, ముప్పై అయిదు వెళ్తాయి.

తెల్లవారుజామున మూడింటికి పలకతో మంచం రెయిలింగ్ కొడుతున్న చప్పుడుకు లేచాను. నాన్న బనియన్ తడిసి ముద్దయింది. పలక మీద రాసింది వంకర్లు పోయింది. షుగర్ 48. ఆ సిస్టర్ గ్లూకోజ్ కలిపి పెగ్‌లో పోసింది, డాక్టర్‌కు ఫోన్ చేసింది, తెల్లారేదాకా, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా గంటకోసారి చూస్తూనే ఉంది. పొరపాటు చేసినా పారిపోలేదు. ఏజెన్సీ మర్నాడు చేసిందల్లా ఆ అమ్మాయిని మా డ్యూటీ నుంచి తీసేయడం. నాకు కోపం అక్కడే వచ్చింది. మందు మారినప్పుడు కాగితం ఎవరు మార్చాలి, సిరంజి ఎవరు మార్చాలి అని అడిగితే జవాబు లేదు. మనిషిని మార్చాం కదా మేడమ్ అంటారు.

అప్పటి నుంచి ఆ పని నాదే. కొత్త మందు ఏదొచ్చినా ఫ్రిజ్ మీద కాగితం మళ్లీ రాసేదాకా సీసా మూత తీయకూడదు. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు రోజు నోటుబుక్కులోంచి ఒక్క పేజీ సారాంశం రాస్తాను. అంబులెన్సు ఖర్చు కలిసొచ్చేలా ఇద్దరు డాక్టర్లను ఒకే రోజు పెట్టుకుంటాను. పందొమ్మిదో నెలలో గొంతు డాక్టర్ ఆ పేజీలు తిప్పి, రోజుకు పద్నాలుగు సక్షన్లు మూడుకు దిగాయని చూసి, ‘‘ఇంత లెక్క ఎవరు రాశారు?’’ అన్నారు. దగ్గు బలం చూసి, ట్యూబుకు మూత పెట్టి ఆసుపత్రిలో రెండు రోజులు గమనించి తీసేశారు. గొంతు రంధ్రం పూడాక నాన్న స్పష్టంగా అన్న మొదటి మాట ‘టీ’. మింగే పరీక్ష అప్పటికి పాసవలేదు, కాబట్టి టీ పెగ్‌లోనే వెళ్లింది. వాసన చూపించాం.

సిస్టర్ల గురించి న్యాయంగా చెప్పాలి. ఇరవై ఎనిమిది నెలల్లో మా ఇంటికి ఇరవై ముగ్గురు వచ్చారు. పాడేరు, అరకు, పార్వతీపురం, శ్రీకాకుళం వైపు పిల్లలే ఎక్కువ. మేం కట్టేదాంట్లో వాళ్ల చేతికి ఎంత వస్తుందో ఒకమ్మాయి చెప్పింది, విన్నాక ఎందుకు మానేస్తారో అర్థమైంది. సంక్రాంతికి ఎలాగూ ఎవరూ ఉండరు, మా విజయనగరం అటెండెంట్ సిరిమానోత్సవానికి చచ్చినా ఆగదు, అవి క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకోవాలి. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ దిగి ఒంటరిగా ఆటో కోసం నిలబడటం వాళ్లకు ఇబ్బందిగా ఉందని మేం షిఫ్టు ఏడింటికి మార్చాం. ఏజెన్సీకి ఆ ఆలోచన రాలేదు.

మార్కులంటారా, సిస్టర్లకు పదికి ఎనిమిది. మొదటి మేడమ్ ఉన్నన్నాళ్లు పదికి పది, ఆమె వెళ్లాక మూడు. ఎవరైనా అడ్వాన్స్ కట్టే ముందు, మీ కేసు చూసే కోఆర్డినేటర్ నర్సింగ్ చదివిన మనిషేనా అని అడగండి. ఎన్నాళ్లుగా అక్కడ ఉంది, ఎన్ని కేసులు చూస్తోంది, రాత్రి సిస్టర్ రాకపోతే ఫోన్ ఎవరు ఎత్తుతారు, ఇవీ అడగండి. రేట్లు ఆ తరవాత మాట్లాడుకోవచ్చు.

మేం ఇప్పుడు రాత్రి సిస్టర్‌నూ, పగలు అటెండెంట్‌నూ మాత్రమే ఉంచుకున్నాం. పగటి సిస్టర్‌ను మానిపించినప్పుడు ఆ షిఫ్టు తాలూకు అడ్వాన్స్ పదిహేను వేలు వారంలో వెనక్కి ఇస్తామన్నారు. నాలుగు నెలలైంది. మొన్న గ్రూపులో అడిగాను. ‘నోటెడ్ మేడమ్’ అని వచ్చింది.